రెండో తట్టు పడకముందే

విశాఖ నుంచి కొండల్లోకి పోయే కిరండూల్ రైలు లైను మీద, ఇనుప గనుల టౌన్‌షిప్ ఒకదానిలో, ముప్పై ఏళ్ళకు పైగా స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న యువకులు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి, ఏం తెలుసుకోవాలని అడుగుతుంటారు. విజిల్ ఎలా ఊదాలో, జెండా పండగకి వరసలు ఎలా నిలబెట్టాలో వారం రోజుల్లో వచ్చేస్తుంది. అంత తేలిగ్గా రాని సంగతి ఒకటుంది. అది నాకు వచ్చేసరికి ఒక పిల్ల మోచెయ్యి చెడింది. ఆ సంగతే రాస్తాను.

గేటు దగ్గర అడిగే ప్రశ్న

మన ఉద్యోగం గ్రౌండులో జరుగుతుందని అందరూ అనుకుంటారు. సగం ఉద్యోగం గ్రౌండు గేటు దగ్గర జరుగుతుంది. లెక్కల మాస్టారిని కలవాలంటే తండ్రులు చొక్కా మార్చుకుని స్టాఫ్‌రూముకి వస్తారు. మన దగ్గరికి మాత్రం డ్యూటీ దిగి, ఎర్రదుమ్ము పట్టిన బూట్లతో నేరుగా వచ్చేస్తారు. మనతో మాట్లాడటానికి మొహమాటం లేదు. ఇది మన అదృష్టం. దీన్ని చాలామంది డ్రిల్లు మాస్టార్లు అవమానం అనుకుంటారు. తెలివితక్కువతనం.

గనులు జోరుగా నడుస్తున్న ఆ రోజుల్లో, ముడి ఇనుము నింపుకున్న వ్యాగన్లు రాత్రీ పగలూ విశాఖ వైపు దిగిపోతున్న రోజుల్లో, గేటు దగ్గర నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇది: "మాస్టారూ, పిల్లల్ని ఏ కరాటే క్లాసులో వెయ్యమంటారు?"

ఎందుకు వెయ్యాలనుకుంటున్నారో నేనూ అడిగేవాణ్ణి. జవాబులు ఒక పుస్తకంలో రాసుకునేవాణ్ణి. నాకు అదొక సరదా. లావుగా ఉన్నవాడు తగ్గాలట. బక్కవాడు ఒళ్ళు చెయ్యాలట. అల్లరివాడు కుదురుగా ఉండాలట. కుదురుగా ఉన్నవాడు కాస్త అల్లరి నేర్వాలట. ఒకాయనైతే ఆరో తరగతి హిందీలో మార్కులు పెరుగుతాయా అని అడిగాడు. ఒకే మందు అన్ని రోగాలనూ కుదురుస్తుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అది సంతలో బాటిలు పట్టుకుని అరిచేవాడి మాట.

నేను విజయనగరంలో పెరిగాను. మా వీధి పఠన మందిరంలో ఆదివారం ఆదివారం వాదప్రతివాదాలు జరిగేవి. మా నాన్నగారి తరం అక్కడ వితంతు వివాహాల గురించి కొట్టుకుంది. మా తరం ముహూర్తాల గురించి, పూనకాల గురించి, తాయెత్తుల గురించి కొట్టుకుంది. ఎదుటివాడి మాటలో ఎక్కడ డొల్ల ఉందో చెవితోనే పట్టుకోవడం అక్కడ నేర్చుకున్నాను. బల్ల గుద్ది మాట్లాడటం కూడా. "చాలు, ఒప్పుకున్నాను" అని ఎవరైనా అంటే వాడు ఓడిపోయినట్టు. నేను ఎన్నడూ అనలేదు. ఆ రోజుల్లో దాన్ని గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

ఆరు పెంకులు

మా ఊళ్ళో మొదట వచ్చిన క్లాసు కమ్యూనిటీ హాల్లో పెట్టారు. మాస్టరు జుట్టు వెనక్కి దువ్వి, నల్ల బెల్టు కట్టి, ఒక్క దెబ్బకి ఆరు ఇంటిపెంకులు పగలగొట్టేవాడు. ఇదంతా శ్వాసలో ఉన్న శక్తి అనేవాడు. ఆ శక్తి మూడు నెలల్లో పిల్లలకు వస్తుందనేవాడు. ఊరంతా ఆయన్ని పెంకుల మాస్టరు అని పిలిచేది.

నేను మూడు ప్రదర్శనలకు వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను. పెంకుకీ పెంకుకీ మధ్య అంచుల్లో చిన్న పుల్లలు పెడుతున్నాడు. గాలి ఆడటానికట. పెంకులు ఎప్పుడూ ఆయన ఇంటి నుంచే వచ్చేవి. గుట్టు దొరికింది అనుకున్నాను. మా ఊరి బేకరీ అతన్ని బతిమాలి, ఆరు పెంకులు పొయ్యి పక్కన వారం రోజులు ఎండబెట్టించాను. పెంకులో తడి పోతే పెళుసవుతుంది. మధ్య ఖాళీ ఉంటే ఒక్కోటి విడిగా విరుగుతుంది, పైది విరిగి కిందిదాని మీద పడుతుంది. ఇందులో శ్వాసకేం పని?

శనివారం గ్రౌండులో పిల్లల ముందు, తల్లిదండ్రుల ముందు, పుల్లలకు బదులు పెన్సిళ్ళు పెట్టి, అరచేతి మడమతో ఒక్కటి వేశాను. ఆరూ విరిగాయి. చేతులు దులుపుకుని, ఇప్పుడు కారణం చెబుతాను వినండి అన్నాను. ఎవరూ వినలేదు. చప్పట్లు.

పంపుహౌసులో పనిచేసే ఒకాయన నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. "మాస్టారూ, మీలో ఇంత శక్తి ఉందని ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం?"

"శక్తి లేదయ్యా బాబూ! పెంకు ఎండబెట్టాను. అంతే."

"చూశారా, పెద్దవాళ్ళ వినయం," అన్నాడు పక్కనున్న వాళ్ళతో.

ఆ సాయంత్రం ఒక ముసలమ్మ మనవణ్ణి ఎత్తుకొచ్చి, వాడి నెత్తి మీద చెయ్యి పెట్టమంది. సోమవారానికి పదకొండు మంది, మీరే క్లాసు పెట్టండి అని వచ్చారు. మా హెడ్మాస్టరు నెమ్మదైన మనిషి. తలుపు వేసి ఇలా అన్నాడు: "వాళ్ళ నమ్మకాన్ని మీరు పోగొట్టలేదు. మీ పేరు మీదికి బదిలీ చేయించుకున్నారు."

నవ్వేశాను కానీ, ఆ మాట నన్ను చాలాకాలం కుట్టింది. మాయ బయటపెడితే పని అయిపోయిందనుకోవడం మా బోటి వాదప్రియుల జబ్బు. మాయ లేదని తేలాక, ఉన్నదేమిటో చూడాలి కదా. అది చూడటం నాకు రాదని అప్పటికింకా తెలియదు.

చాక్‌పీసుతో గీసిన మోచెయ్యి

రూతమ్మ అప్పుడే వచ్చింది. ఆమె భర్త రైల్వేలో కీమన్. సుత్తి భుజాన వేసుకుని పట్టా వెంబడి నడుస్తూ, వదులైన చీలలు బిగించే పని. పార్వతీపురం వైపు వాళ్ళు. రూతమ్మ ఇంటి దగ్గర కుట్టుమిషను తొక్కేది. కూతురు ఎస్తేరు ఆరో తరగతి, నా డ్రిల్లు వరసలో మూడోది. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో అప్పటికి నాకు తెలియదు. ఎప్పుడూ వినలేదు.

"మాస్టారండీ," అంది రూతమ్మ గేటు ఊచ పట్టుకుని. "మా ఎస్తేరుకి ఒద్దనడం రాదండి. ఎవులేటి సెప్పినా తలూపేస్తాది. పెన్సిలట్టుకుపోయినా ఊరుకుంటాది, జడట్టుకుని నాగినా ఊరుకుంటాది. ఒచ్చే ఏడు జగదల్పూరు హాస్టల్‌కెల్లిపోతాది. రైల్లో ఒక్కర్తీ. అలగుంటే ఎలగండి? అది నేర్పే కాడ ఎట్టండి."

ఈ మాటలు నాకిప్పుడు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఆ రోజు మాత్రం నా చెవికి "కరాటే క్లాసు" అన్నట్టే వినబడింది. పావుగంట సేపు పెంకుల సంగతి చెప్పాను. ఎండబెట్టడం, పెన్సిళ్ళు, అన్నీ. ఆమె తలూపుతూ విన్నది. తలూపడం ఎస్తేరుకి ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడైనా నాకు తట్టాల్సింది.

ఊళ్ళో కొత్తగా పెట్టిన రెండో కరాటే క్లాసుకి పంపమన్నాను. అది పాత సైకిల్ షెడ్డులో జరిగేది. నడిపే యువకుడు వర్క్‌షాపులో ఫిట్టరు. గాజువాక నుంచి వచ్చినవాడు, మంచివాడు. పెంకులు లేవు, శ్వాస లేదు, నల్ల బెల్టు కూడా లేదు. నల్లబల్ల ఉంది. దాని మీద చాక్‌పీసుతో మోచెయ్యి గీసి, ఇది లీవరు, ఇది ఆధారం, ఇక్కడ నొక్కితే చిన్నపిల్ల కూడా పెద్దమనిషిని ఆపగలదు అని బాణం గుర్తులతో చెప్పేవాడు. కరాటేలో కొంత, జూడోలో కొంత తీసుకుని సొంతంగా కూర్చుకున్న పాఠం. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి ఒక శాస్త్రీయమైన మనిషి!

షెడ్డులో నిశ్శబ్దం. ఇరవై మంది పిల్లలు, ఒక్క మాట లేదు. "పట్టు" అంటే పట్టుకుంటారు. "వదులు" అంటే వదులుతారు. ఆ రెండు మాటలూ ఫిట్టరే అనాలి, ఇంకెవరూ అనకూడదు. నేను నా పుస్తకంలో "క్రమశిక్షణ ఆదర్శప్రాయం" అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. చింపలేదు.

మూడో నెలలో ఒక సాయంత్రం నేను షెడ్డుకి వెళ్ళాను. పిల్లలు జంటలుగా నిలబడ్డారు. ఎస్తేరుకి జత సునీత అని పక్క క్వార్టర్ల పిల్ల, జానెడు పొడుగు ఎక్కువ. ఫిట్టరు "పట్టు" అన్నాడు. సునీత ఎస్తేరు చెయ్యి చాచి, మోచేతి మీద తన చంక ఆనించి బిగించింది. సరిగ్గా బొమ్మలో ఉన్నట్టే.

సరిగ్గా అప్పుడు నాకొక సందేహం వచ్చింది. "ఆధారం మణికట్టు వైపు జరిపితే ఎంత బలం తగ్గుతుంది?" అని అడిగాను. ఫిట్టరు మొహం వెలిగింది. అలాంటి ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు. బల్ల వైపు తిరిగి గీయడం మొదలుపెట్టాడు. నేను దగ్గరికి వెళ్ళి మరో ప్రశ్న వేశాను. "వదులు" అనే మాట మా ఇద్దరి మధ్య ఎక్కడో ఆగిపోయింది.

వెనకాల పది జంటలు కదలకుండా నిలబడి ఉన్నాయి. సునీత కాలు మట్టి మీద జారింది. దాని బరువంతా ఎస్తేరు మోచేతి మీద పడింది. చిన్న చప్పుడు. నేను బల్ల వైపే చూస్తున్నాను. ఏడుపు వినబడి తిరిగి చూస్తే, ఏడుస్తున్నది సునీత.

"మాస్టరు వదులు అన్లేదు! అన్లేదు కదా!" అంటోంది.

ఎస్తేరు చేతిని కడుపుకి అదుముకుని నిలబడి ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. నొప్పిగా ఉందా అని అడిగాను. తలూపింది.

ఆసుపత్రి వరండాలో

కీలు పక్కకు జరిగిందన్నాడు డాక్టరు. సరిచేసి పట్టీ వేశాడు. చెయ్యి పూర్తిగా చాచగలుగుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఫిట్టరు వరండాలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. "అరిస్తే వదిలేవాళ్ళం కదండీ. ఒక్క మాట అనలేదు పిల్ల," అన్నాడు.

నిజం చెబుతాను, ఆ క్షణంలో నేనూ అదే అనుకున్నాను. తర్వాత పాత అలవాటు కొద్దీ ఆ మాటలో డొల్ల వెతికాను. "క్లాసులో అరవొచ్చని వాళ్ళకి ఎప్పుడైనా చెప్పావా?"

"క్లాసులో నోరెత్తకూడదని చెప్పానండి." వేళ్ళకంటిన చాక్‌పీసు పొడి తుడుచుకుంటూ, "నాకూ అలాగే నేర్పారు," అన్నాడు.

నేను నేర్పే డ్రిల్లు మాత్రం ఏమిటి? సావధాన్, విశ్రామ్. కదలమంటే కదలాలి, ఆగమంటే ఆగాలి. చాలు అనే హక్కు వరసలో ఎవరికుంది?

రూతమ్మ లోపలి నుంచి వచ్చింది. ఫిట్టరుని చూడలేదు. నా ముందుకొచ్చి నిలబడింది.

"మాస్టారండీ, ఆ రోజు గేటు కాడ నానేటడిగినాను? గురుతుందా?"

"ఆత్మరక్షణ గురించి..."

"కాదండి. మా గుంటకి ఒద్దనడం రాదు, అది నేర్పే కాడ ఎట్టమన్నాను. మీరు పెంకుల కత సెప్పినారు." గొంతు పెంచలేదు. "మీరు సదూకున్నోరు. నానడిగిందేదో మీకర్దమయిందనుకున్నాను. అక్కడేమో ఉన్న నోరు కూడా కట్టేసినారు."

ఎన్నో సభల్లో ఎంతోమంది నన్ను ఎదిరించారు. ప్రతిసారీ నా దగ్గర ఒక జవాబు ఉండేది. అప్పుడు లేదు. తప్పయిందమ్మా అనడానికి కూడా నోరు రాలేదు. ఆ మాట నాకు అలవాటు లేదు.

గోనెసంచుల పరుపు

మూడో క్లాసుని నేను లెక్కలోకి తీసుకోలేదు. దానికి బోర్డు లేదు. ఊరి చివర ఆడపిల్లల హాస్టలు వరండాలో జరిగేది. వార్డెన్ సోడి రాజమ్మ కొంటా అవతల గొల్లపల్లి వైపు మనిషి. దోర్లా గిరిజనుల ఇంటి పిల్ల. చదువుకునే రోజుల్లో జూడో ఆడిందట. హాస్టలు పిల్లలు ఊరికే కూర్చుంటున్నారని మొదలుపెట్టింది. బయటి పిల్లల్ని కూడా రమ్మనేది.

దాన్ని కనిపెట్టింది రూతమ్మే. గోనెసంచుల్లో వరిగడ్డి కూరి, పైన టార్పాలిన్ వేసి పరుపు చేసుకున్నారు. టార్పాలిన్ అంచులు విడిపోతుంటే కుట్టడానికి రూతమ్మని పిలిచారు. కుడుతూ మూడు సాయంత్రాలు చూసింది. నాలుగో సాయంత్రం పట్టీ విప్పిన చేతితో ఎస్తేరుని వెంటబెట్టుకెళ్ళింది. నన్ను అడగలేదు. గేటు దగ్గర కనబడితే, "ఒకపాలొచ్చి సూడండి మాస్టారండీ. ప్రశ్నలెయ్యకండేం," అంది.

వెళ్ళాను. అక్కడ కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రెండు వారాలు పడెయ్యడం నేర్పరు. ఒకే ఒక్క పని. ఒక పిల్ల ఇంకో పిల్ల మణికట్టు పట్టుకుంటుంది. పట్టుబడిన పిల్ల ఖాళీ చేత్తో రెండుసార్లు తడుతుంది, పరుపునో, పట్టుకున్న పిల్ల భుజాన్నో. రెండో తట్టు పడకముందే వదిలెయ్యాలి. వదలకపోతే, పట్టుకున్న పిల్ల లేచి వెళ్ళి మెట్టు మీద కూర్చోవాలి. ఆ రోజుకి దాని వంతు పోయినట్టే.

ప్రశ్నలు వెయ్యొద్దన్నా ఆగలేకపోయాను. నోటితో చెప్పొచ్చు కదా, తట్టడం ఎందుకని రాజమ్మని అడిగాను.

"ఏ మాటతోని చెప్పాలె సారు?" అంది. "ఇక్కడ గోండి పిల్లలున్నరు, హల్బీ పిల్లలున్నరు, మా దోర్లా పిల్లలున్నరు, మీ తెలుగోళ్ళున్నరు. మామూలుగైతే అందరికీ హిందీ వస్తది. భయమైతే ఇస్కూలు మాట రాదు, ఇంటి మాట వస్తది. ఆ మాట పట్టుకున్న పిల్లకి తెల్వదు. తెల్వకపాయె, అది ఇంకింత గట్టిగ పట్టుకుంటది. అందుకే చెయ్యితోని. చెయ్యి అందరికి ఒకటే."

నేను ముప్పై ఏళ్ళు అదే ఊళ్ళో, అదే పిల్లల మధ్య ఉన్నాను. భయపడిన పిల్ల నోటికి ఏ భాష వస్తుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అందరికీ హిందీలో ఆర్డర్లు ఇచ్చి, అందరూ కదిలితే అందరికీ అర్థమైందనుకున్నాను.

"అవతలి పిల్ల వదలకపోతే మెట్టు మీద కూర్చోబెడితే చాలా?" అన్నాను.

"చాలదా ఏంది? ఆట పాయె కదా. ఇక్కడ పిల్లలకి దెబ్బలంటే లెక్కలేదు సారు. ఆట పోతే ఏడుస్తరు."

ఎస్తేరు గురించి అడిగాను. రాజమ్మ గొంతు తగ్గించింది. "పదిహేను దినాలాయె. పట్టినోళ్ళని మంచిగ ఇడుస్తది, అందరికంటె ముందు ఇడుస్తది. తాను పట్టుబడితె మాత్రం కొట్టది. ఎంతసేపైన చెయ్యి పట్టించుకుని కూసుంటది. నేనే మూడు లెక్కపెట్టి ఇడిపిస్త."

రూతమ్మ టార్పాలిన్ అంచు మీద వంగి ఉంది. సూది ఆగింది. జూన్‌లో పిల్ల రైలెక్కాలి. ఇంకా నెలన్నర కూడా లేదు.

ఏం చెప్పాలంటే

గేటు దగ్గర మిమ్మల్ని కూడా అడుగుతారు కాబట్టి, నాకు తేలింది చెబుతాను. కరాటేనా జూడోనా అన్నది అన్నిటికంటే చిన్న ప్రశ్న. దాని మీద గంటలు గంటలు మాట్లాడేవాణ్ణి చూస్తే, వాడు పిల్లల్ని చూడలేదని అనుమానించండి. బెల్టుల రంగులు చూడొద్దు. గోడ మీది ఫొటోలు చూడొద్దు. మాస్టరు ఏం చేయగలడో అసలు చూడొద్దు. పిల్ల చేత పెంకులు కొట్టించాలని ఏ తల్లీ వెళ్ళడం లేదు కదా. నాలాంటి వాళ్ళ కోసం ఇంకో మాట: మాస్టరు చక్కగా వివరిస్తున్నాడని మురిసిపోవద్దు. శాస్త్రం మాట్లాడేవాడు కూడా పిల్లల వైపు వీపు తిప్పగలడు. నేను తిప్పించాను.

చెప్పకుండా వెళ్ళి ఒక మూల కూర్చోమనండి. అన్నిటికంటే చిన్న పిల్లని వెతుక్కోమనండి. ఆ పిల్లకి నొప్పి పుట్టినప్పుడు ఏం చెయ్యొచ్చో ఆ పిల్లకి తెలుసా? అది చేస్తే, అవతలి చెయ్యి ఎంతలో వదులుతుంది? మాస్టరు కేసి చూసి వదులుతుందా, దానంతటదే వదులుతుందా? నా వరకు ఈ మూడు సంగతులూ తేలితే చాలు. లోపలికి రానివ్వం, తల్లిదండ్రులు చూడకూడదు అంటే, చెప్పులేసుకుని వచ్చెయ్యమనండి.

ఇవన్నీ చెప్పేముందు, ఆ తల్లి ఏమడిగిందో పూర్తిగా వినండి. ఇది నా జీవితం మొత్తం మీద నాకు ఆలస్యంగా వచ్చిన విద్య.

నా వంతు

ఆ సాయంత్రం హాస్టలు నుంచి వెళ్ళిపోదామని లేస్తుంటే రాజమ్మ ఆపింది.

"పిల్లలతోని కాదు సారు, ఎస్తేరుకి పెద్దోళ్ళంటేనే భయం. మీరంటే మస్తు భయం. మీరు పట్టండి."

నేను పట్టనన్నాను. ఆ మోచెయ్యి పూర్తిగా సాగడం లేదు. కాస్త వంపు మిగిలిపోయింది. అది చూసిన ప్రతిసారీ నాకు నల్లబల్ల కనబడుతుంది.

"ఎడమ చెయ్యి బాగనే ఉంది. మణికట్టే కదా," అంది. "ముందుగల దాన్ని పట్టనియ్యండి మిమ్మల్ని. నేర్చుకోవాలె కద మీరు."

ప్యాంటు మడిచి పరుపు మీద కూర్చున్నాను. పిల్లలు మూతులకి చేతులడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. రాజమ్మ చూపించినట్టు ఎస్తేరు నా చెయ్యి వెనక్కి తిప్పి పట్టింది. మెల్లగా బిగించింది. నొప్పి మొదలైంది. తట్టాలి. తట్టలేకపోయాను. యాభై దాటిన మనిషిని, అంతమంది పిల్లల ముందు, పదకొండేళ్ళ పిల్లకి చాలు అని ఎలా చెప్పను? చెమట పట్టింది. ఇంత చిన్న పని ఎందుకు చేతకావడం లేదని నాకే ఆశ్చర్యంగా ఉంది. చెయ్యి ఖాళీగానే ఉంది. పరుపు పక్కనే ఉంది.

"కొట్టండి సారు. ఏం పోతది?" అంది రాజమ్మ.

కొట్టాను. ఒక్కసారి. రెండోది పడేలోపే నా చెయ్యి నా దగ్గరుంది. అంత వేగంగా వదిలింది. ఆ తేలిక ఎలా ఉందో చెప్పలేను. ఎవరూ ఓడిపోలేదు. ఎస్తేరు ఏమీ ఎరగనట్టు మోకాళ్ళ మీద కూర్చుంది.

ఇక నేను పట్టాలి. దాని ఎడమ మణికట్టు పట్టుకున్నాను. సన్నగా, పెన్సిలు కట్టలాగా ఉంది. మెల్లగా బిగించాను. ఎస్తేరు నా మొహంలోకి చూసి, అలవాటు కొద్దీ తలూపబోయింది. నేను చూపు తిప్పలేదు. రూతమ్మ సూది పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉంది. రాజమ్మ మూడు లెక్కపెట్టలేదు. పెదవి కొరుక్కుని నిలబడింది.

ఎంతసేపైందో తెలియదు. నాకు వదిలెయ్యాలనిపించింది. వదిలేస్తే నేను వదిలినట్టవుతుంది, ఆ పిల్ల వదిలించుకున్నట్టు కాదు.

ఎస్తేరు కుడి చెయ్యి కదిలింది. వంపు మిగిలిన ఆ చెయ్యే. నా భుజం మీద ఒకసారి తట్టింది. ఈగని తోలినట్టు. నేను తెల్లబోయి ఉండిపోయాను. రెండోసారి తట్టింది. ఈసారి గట్టిగా, చప్పుడయ్యేలా. అప్పుడు వదిలాను.

రాజమ్మ ఊపిరి వదలడం వినబడింది. శభాష్ అనబోయాను. నోరు తెరిచాను కూడా.

"మీరు రెండోది పడ్డాక ఒగ్గినారు," అంది ఎస్తేరు.

ఆ గొంతు నేను వినడం అదే మొదటిసారి. బొంగురుగా, తల్లి గొంతులాగే ఉంది.

"అవునమ్మా, నువ్వు కొట్టావన్న సంతోషంలో..."

"రెండోది పడ్డాక ఒగ్గినారు," అంది మళ్ళీ. చెయ్యి చాపి మెట్టు చూపించింది. చాపగలిగినంతవరకు చాపింది.

రాజమ్మ కేసి చూశాను. ఆమె ఎటో చూస్తోంది. లేచి, ప్యాంటు దులుపుకుని, వెళ్ళి రూతమ్మ పక్కన మెట్టు మీద కూర్చున్నాను. "తప్పయిందమ్మా," అన్నాను. ఆసుపత్రిలో రాని మాట అక్కడ దానంతటదే వచ్చింది. రూతమ్మ తలెత్తలేదు. టార్పాలిన్ కొస నా చేతికిచ్చి, "గట్టిగా అట్టుకోండి మాస్టారండీ, కుట్టు వంకరెల్తంది," అంది.

పట్టుకున్నాను. పరుపు మీదికి ఇంకో పిల్ల వచ్చి ఎస్తేరుకి ఎదురుగా కూర్చుంది. ఆ రోజు నా వంతు మళ్ళీ రాలేదు.